బీడీఎస్‌కు పెద్ద పేరున్న కాలేజీ కావాలా? మన వైపు పిల్లల కోసం ఒక పోలిక

నీట్ ర్యాంకులు వచ్చి, కాళోజీ హెల్త్ యూనివర్సిటీ వెబ్ ఆప్షన్లు తెరిచిందంటే హనుమకొండలో పళ్ళ డాక్టర్లందరికీ ఫోన్లు మొదలవుతాయి. ఎంబీబీఎస్ అంచు దాకా వచ్చి ఆగిపోయిన పిల్లల తల్లిదండ్రులు అడిగేది దాదాపు ఒకటే మాట. "సార్, మా బిడ్డకు నిజామాబాద్‌ల కన్వీనర్ సీటు వచ్చేటట్టుంది. పెద్ద పేరున్న డీమ్డ్ యూనివర్సిటీల అయితే పైసలు కట్టాలె. పేరున్న కాలేజీల చదివితేనే రేపు ఎండీఎస్ వస్తదంటున్నరు, నిజమేనా?"

ఎండీఎస్ అంటే బీడీఎస్ (పళ్ళ డాక్టరు డిగ్రీ) తర్వాత చేసే పీజీ. ఆ సీటు వరకైతే ఈ మాట నిజం కాదు. మిగతా విషయాల్లో కొంత నిజముంది. ఆ కొంత ఎంతో, దానికోసం ఎంత దాకా ఖర్చు పెట్టొచ్చో తేల్చుకుంటే సీటు ఎంచుకోవడం సులువవుతుంది.

ఎండీఎస్ ర్యాంకులో కాలేజీకి గడి లేదు

ఎండీఎస్ ప్రవేశాలు 2017 అడ్మిషన్ల నుంచి నీట్ ఎండీఎస్ మీదే నడుస్తున్నాయి. 240 ప్రశ్నలు, ఒక్కోదానికి 4 మార్కులు, మొత్తం 960. తప్పు రాస్తే ఒక మార్కు పోతుంది. టైము మూడు గంటలు. ఇంటర్వ్యూ ఉండదు, ప్రిన్సిపాల్ సిఫారసు ఉత్తరం అక్కర్లేదు, ఎక్కడ చదివావన్నది ర్యాంకు లెక్కలోకే రాదు. ఢిల్లీ ఎయిమ్స్, చండీగఢ్ పీజీఐ లాంటి చోట్ల ఎండీఎస్‌కు ఐఎన్ఐ సెట్ వేరుగా రాయాలి. అదీ ర్యాంకు పరీక్షే. (ఎయిమ్స్ పేరు విని "అక్కడ బీడీఎస్ ఎట్లా వస్తది సార్" అని అడిగేవాళ్ళున్నారు. ఢిల్లీ ఎయిమ్స్‌లో బీడీఎస్ కోర్సే లేదు, దంత విభాగంలో ఎండీఎస్ మాత్రమే.)

ఇంకో సంగతి చాలామంది పట్టించుకోరు. అఫ్జల్‌గంజ్‌లోని ప్రభుత్వ డెంటల్ కాలేజీలో చదివినా, నిజామాబాద్‌లోనో ఖమ్మంలోనో అనుబంధ ప్రైవేటు కాలేజీలో చదివినా థియరీ పేపరు ఒకటే, పరీక్ష పెట్టేదీ ఒకటే యూనివర్సిటీ. పట్టా మీద ఉండేది మన వరంగల్‌లోని కాళోజీ నారాయణరావు ఆరోగ్య విజ్ఞాన విశ్వవిద్యాలయం పేరే. డీమ్డ్ యూనివర్సిటీల సంగతి వేరు, వాటి పరీక్షలు అవే పెట్టుకుంటాయి, పట్టాలూ అవే ఇస్తాయి.

మరి పేరున్న కాలేజీల నుంచి మంచి ర్యాంకులు ఎక్కువగా ఎందుకు వస్తున్నాయి? ప్రభుత్వ కాలేజీలో చేరేవాళ్ళే నీట్‌లో ముందున్న పిల్లలు. పరీక్ష రాసే నేర్పు వాళ్ళకు ఇంటర్ రోజుల నుంచే ఉంది. నాలుగేళ్ళ తర్వాత ఇంకో బిట్ పేపరు పెడితే మళ్ళీ వాళ్ళే ముందుంటారు. ఆ ఘనతంతా కాలేజీ ఖాతాలో రాయడం సరికాదు. అట్లాగని కాలేజీ ప్రభావం ఏమీ లేదనీ అనలేం. పక్క గదిలో సీనియర్ రాత్రి పన్నెండింటికి కూడా ఎంసీక్యూలు చేస్తుంటే థర్డ్ ఇయర్ పిల్లాడికీ ఆ గాలి సోకుతుంది. హాస్టల్‌లో ఎవరూ ఎండీఎస్ ఊసే ఎత్తని చోట తపన ఉన్న అమ్మాయి కూడా ఒంటరిగా చదువుకోవాలి. ఈ తేడా ఉంది కానీ లక్షలు పోసి కొనుక్కునేంత పెద్దది కాదు. ఆన్‌లైన్ కోచింగ్, మంచి టెస్ట్ సిరీస్, కలిసి చదివే ఇద్దరు ముగ్గురు స్నేహితులు ఉంటే చాలా వరకు పూడిపోతుంది.

ర్యాంకును దెబ్బతీసేది వేరే ఉంది, బ్యాక్‌లాగ్. నీట్ ఎండీఎస్ రాయాలంటే నోటిఫికేషన్‌లో ఇచ్చిన తేదీలోగా ఏడాది ఇంటర్న్‌షిప్ పూర్తి కావాలి. ఫైనల్ ఇయర్‌లో ఒక్క సబ్జెక్టు పోయి ఆరు నెలలు వెనకబడితే, బ్యాచ్ అంతా పరీక్ష రాస్తుంటే మీ పిల్ల ఇంకా పోస్టింగ్స్‌లో ఉంటుంది. అంటే ఒక ఏడాది పోయినట్టే. అందుకే కాలేజీ గురించి విచారించేటప్పుడు "ఎండీఎస్ ర్యాంకులు ఎన్ని వచ్చాయి" అనే ప్రశ్నతో ఆపకండి. "ఫస్ట్ ఇయర్‌లో చేరినవాళ్ళలో ఎంతమంది ఒక్క సప్లీ లేకుండా బయటికి వస్తున్నారు" అనీ అడగండి. మొదటిదానికి ఫ్లెక్సీ చూపిస్తారు. రెండోదానికి సరైన జవాబు సీనియర్లు మాత్రమే చెప్తారు.

రాష్ట్రం దాటి చదివేవాళ్ళు ఇంకోటి చూసుకోవాలి. పీజీ మెడికల్ సీట్లలో నివాసం ఆధారంగా రిజర్వేషన్ చెల్లదని, సంస్థాగత ప్రాధాన్యం మాత్రం పరిమితంగా ఉండొచ్చని సుప్రీంకోర్టు 2025 జనవరిలో తీర్పు ఇచ్చింది. "మాది వరంగలే కదా, బీడీఎస్ ఎక్కడ చేసినా ఎండీఎస్‌కు లోకల్ కోటా ఉంటది" అనే ధీమా మీద బయటి రాష్ట్రంలో సీటు తీసుకోకండి. ఎండీఎస్ ప్రవేశాల నోటిఫికేషన్‌లో అర్హత నిబంధనలు ఒకసారి చదివాకే నిర్ణయించుకోండి. ఈ విషయంలో కాలేజీ పేరు కన్నా అది ఏ రాష్ట్రంలో ఉందన్నదే పెద్ద సంగతి కావచ్చు.

చేయి ఎక్కడ తిరుగుతుంది

నా లెక్కలో అసలు పోలిక ఇక్కడే ఉంది, దీని గురించే తల్లిదండ్రులు అన్నిటికన్నా తక్కువ అడుగుతారు.

పళ్ళ డాక్టరు చదువు సగం పుస్తకంలో ఉంటే సగం చేతిలో ఉంటుంది. ఫస్ట్ ఇయర్‌లో మైనంతో పన్ను చెక్కడం, తర్వాత ఫాంటమ్ హెడ్ (బొమ్మ తల) మీద ప్లాస్టిక్ పళ్ళకు డ్రిల్లింగ్, ఆ తర్వాత నిజం మనిషి నోరు. థర్డ్ ఇయర్, ఫైనల్ ఇయర్, ఇంటర్న్‌షిప్‌లలో ఎక్స్‌ట్రాక్షన్‌లు ఇన్ని, స్కేలింగ్‌లు ఇన్ని, ఫిల్లింగ్‌లు, పళ్ళ సెట్లు ఇన్ని అని కోటా ఉంటుంది. కోటా పూర్తయి సార్ సంతకం పడితేనే ముందుకు. పేషెంట్లు దండిగా వచ్చే చోట ఈ కోటా ఆడుతూ పాడుతూ పూర్తయి, దాని మీద ఇంకా రెండింతలు చేస్తారు. పేషెంట్లు లేని చోట పిల్లలు ఏం చేస్తారో ఆ పిల్లలనే అడగండి. హాస్టల్ వాచ్‌మన్‌ను, మెస్‌లో వంట చేసే అక్కను, ఊళ్ళో మేనత్తను బతిమాలి తెచ్చుకుంటారు. ఆటో కిరాయి జేబులోంచి ఇస్తారు. ఒకే నోటిని ఇద్దరు పంచుకున్న సందర్భాలూ ఉన్నాయి, పైదవడ ఒకరికి, కిందిది ఇంకొకరికి.

దీని ఫలితం ఎక్కడ తేలుతుందో ఒక ఉదాహరణ చెప్తాను. పళ్ళన్నీ పోయిన డెబ్బై ఏళ్ళ అవ్వకు పూర్తి సెట్టు కట్టాలి. పైసెట్టు అంగిలిని పట్టుకుని ఎట్లాగో నిలబడుతుంది. చిక్కంతా కిందిదానితోనే. ఏళ్ళ తరబడి పళ్ళు లేక కింది దవడ ఎముక అరిగి చదునైపోయి ఉంటుంది, మధ్యలో నాలుక కుదురుగా ఉండదు. మొదటి కొలత తీసి, దానితో ప్రత్యేకంగా ట్రే చేసి, దాని అంచుల్ని బుగ్గ కదలికలకు, నాలుక కదలికలకు తగ్గట్టు మెత్తని కాంపౌండ్‌తో కొంచెం కొంచెంగా మలచాలి. ఈ అంచు మలచడం పుస్తకంలో ఒక పేజీ కూడా ఉండదు. చేతికి రావాలంటే మాత్రం పది పదిహేను నోళ్ళు చూడాలి. అది సరిగ్గా రాకపోతే అవ్వ రెండో వారంలో సెట్టును చేతిరుమాల్లో కట్టుకొచ్చి బల్ల మీద పెడుతుంది. "మాట్లాడితె ఎగిరి పడుతాంది బిడ్డా, నీ సెట్టు నువ్వే ఉంచుకో" అంటుంది. ఆమెకు మీ కాలేజీ పేరుతో పనిలేదు.

పేరున్న కాలేజీలో చేయి బాగా తిరుగుతుందా? ఒక మెలిక ఉంది. పెద్ద కాలేజీల్లో తొమ్మిది బ్రాంచీల్లోనూ పీజీలు ఉంటారు. కష్టమైన కేసు ఏది వచ్చినా, అడ్డంగా ఇరుక్కున్న జ్ఞానదంతం గానీ, వంకర వేర్ల రూట్ కెనాల్ గానీ, ముందు పీజీ దగ్గరికే పోతుంది. బీడీఎస్ పిల్లలకు క్లీనింగ్‌లు, తేలిక ఫిల్లింగ్‌లు మిగులుతాయి. పెద్ద కేసు పక్కన నిలబడి చూస్తారు, సక్షన్ పట్టుకుంటారు. పీజీలు తక్కువున్న ఓ మోస్తరు కాలేజీలో, పేషెంట్లు మాత్రం బాగా వచ్చే చోట, ఇంటర్న్‌గా ఉన్నప్పుడే దవడ పన్ను రూట్ కెనాల్ మొత్తం తానే చేసిన పిల్లలను చూశాను. బయటికొచ్చిన మొదటి ఏడాది వీళ్ళ ధైర్యమే వేరు. రెండో వైపు, పెద్ద కాలేజీలో సీబీసీటీ స్కాన్ (దవడ త్రీడీ ఎక్స్‌రే), మైక్రోస్కోపు, ఇంప్లాంట్లు కళ్ళారా చూస్తారు. ఏది సాధ్యమో తెలుస్తుంది. చూడటం, చేయడం రెండూ కావాలి. కానీ బీడీఎస్ దశలో నేను చేయడానికే ఎక్కువ మార్కులు వేస్తాను. చూడాల్సినవి ఎండీఎస్‌లోనో కోర్సుల్లోనో తర్వాతైనా చూడొచ్చు.

ప్రభుత్వ డెంటల్ కాలేజీ గురించి ఇక్కడ ప్రత్యేకంగా చెప్పాలి. 1959 నాటి కాలేజీ, పక్కనే ఉస్మానియా ఆస్పత్రి. పేదలు ఎక్కువగా వచ్చే చోటు కాబట్టి పేషెంట్ల కొరత ఉండదు. ఫీజు తక్కువ, పేరూ ఉంది. అక్కడ సీటు వచ్చే ర్యాంకు ఉంటే ఈ వ్యాసం చదవాల్సిన పని లేదు, ఆప్షన్లలో మొదట అదే పెట్టండి. కుర్చీలు పాతవి, వసతులు అంతంతమాత్రం అని ఎవరైనా అంటే విని వదిలేయండి.

ప్రైవేటు కాలేజీని ఎట్లా చూడాలి? ఆప్షన్లు పెట్టకముందు ఒక సోమవారమో మంగళవారమో పొద్దున పదిన్నరకు వెళ్ళండి. బతుకమ్మ, దసరా రోజుల్లోనూ, మేడారం జాతర వారంలోనూ ఏ కాలేజీ అయినా బోసిగానే ఉంటుంది, అది చూసి తీర్పు చెప్పొద్దు. మామూలు రోజున ఓపీ కౌంటరు దగ్గర పావుగంట కూర్చోండి. వచ్చేవాళ్ళలో నిజంగా దవడ పట్టుకుని వచ్చినవాళ్ళు ఎంతమంది, క్యాంపు బస్సు దించిన వాళ్ళు ఎంతమంది అన్నది తెలిసిపోతుంది. క్యాంపు బస్సులు తప్పేమీ కాదు, పల్లెల నుంచి పేషెంట్లు అట్లా వస్తేనే పిల్లలకు పని దొరుకుతుంది. బస్సులు తనిఖీ రోజుల్లో మాత్రమే వస్తున్నాయా, రోజూ వస్తున్నాయా అన్నది అడగాలి. తర్వాత ఓరల్ సర్జరీ విభాగం తలుపు దగ్గర నిలబడండి. వాడకుండా పాలిథిన్ కవర్లు కప్పి ఉంచిన కుర్చీలు ఎన్ని ఉన్నాయో చూడండి. క్యాంటీన్‌లో ఇద్దరు ఇంటర్న్‌లను పట్టుకుని "మీరు సొంతంగా ఎన్ని రూట్ కెనాల్‌లు చేశారు, దవడ పళ్ళు ఎన్ని" అని అడగండి. నిజం చెప్పేది వాళ్ళే, కాలేజీ వదిలి పోతున్నవాళ్ళు కాబట్టి దాచరు.

పైసల లెక్క

కన్వీనర్ కోటా ఫీజుకూ మేనేజ్‌మెంట్ కోటా ఫీజుకూ మధ్య తేడా రెట్లలో ఉంటుంది. అర్హత ఉంటే కన్వీనర్ సీటుకు ఫీజు రీయింబర్స్‌మెంట్ ఉంది, మేనేజ్‌మెంట్ సీటుకు రాదు. డీమ్డ్ యూనివర్సిటీ ఫీజు మీద హాస్టల్, మెస్, పుస్తకాలు, సొంతంగా కొనుక్కోవాల్సిన ఇన్‌స్ట్రుమెంట్లు కలుపుకోవాలి. ప్రాస్పెక్టస్‌లో ట్యూషన్ ఫీజు పెద్ద అక్షరాలతో, మిగతావి చిన్న అక్షరాలతో ఉంటాయి. చిన్న అక్షరాలన్నీ కాగితం మీద కూడండి.

ఉదాహరణకు ఐదేళ్ళకు 30 లక్షలు అప్పు తెచ్చారనుకోండి. 10 శాతం వడ్డీకి, పదేళ్ళలో తీర్చాలంటే నెల కిస్తీ దాదాపు 39,600 రూపాయలు. ఇది చదివేటప్పుడు పడే వడ్డీ కలపకుండానే. ఎడ్యుకేషన్ లోన్‌లో చదువు కాలం, ఆ తర్వాత మరో ఏడాది కిస్తీ కట్టనక్కర్లేకపోయినా వడ్డీ నడుస్తూనే ఉంటుంది. కొత్తగా బీడీఎస్ అయి ఎవరి క్లినిక్‌లోనో అసిస్టెంట్‌గా చేరితే మన వైపు వచ్చే జీతం ఈ కిస్తీలో సగం దాకా వచ్చిందంటే అదృష్టమే. మిగతాది ఇంట్లోవాళ్ళు కట్టాలి, లేదా పొలం అమ్మాలి.

అదే డబ్బు మిగిలితే ఏం చేయొచ్చో కూడా ఆలోచించండి. నీట్ ఎండీఎస్‌లో ఓ మోస్తరు ర్యాంకు వచ్చిందనుకుందాం. ప్రభుత్వ సీటుకు అందదు, ప్రైవేటులో ఆర్థోడాంటిక్స్‌కో (వంకర పళ్ళకు క్లిప్పులు), ఎండోడాంటిక్స్‌కో (రూట్ కెనాల్) అందుతుంది. ఈ బ్రాంచీలకు ప్రైవేటులో ఫీజు భారీగా ఉంటుంది. బీడీఎస్‌కే ఉన్నదంతా ఊడ్చిపెట్టిన కుటుంబం ఆ గుమ్మం దగ్గర ఆగిపోతుంది, లేకపోతే ఇష్టం లేని బ్రాంచీ తీసుకుంటుంది. నాన్ క్లినికల్ (పేషెంటు పని తక్కువ) అనుకునే కొన్ని బ్రాంచీల్లో సీట్లు మిగిలిపోయి కటాఫ్ పర్సంటైల్ తగ్గించిన ఏళ్ళు చాలా ఉన్నాయి. అంటే ఎండీఎస్‌లో ఏదో ఒక సీటు రావడం కష్టం కాదు, కోరుకున్న బ్రాంచీ రావడమే కష్టం. జేబులో డబ్బు దాచుకోవాల్సింది ఆ రోజు కోసం. బీడీఎస్ పేరుకు పోసే డబ్బు కన్నా ఎండీఎస్ బ్రాంచీకి పోసే డబ్బు ఎక్కువ కాలం పనికొస్తుందని నేను గట్టిగా నమ్ముతాను.

ర్యాంకింగుల పట్టీ

కేంద్రం ఇచ్చే ఎన్ఐఆర్ఎఫ్ ర్యాంకుల్లో డెంటల్‌కు విడిగా పట్టీ 2020లో మొదలైంది. ఆ ఏడాది మొదటి స్థానం ఢిల్లీలోని మౌలానా ఆజాద్ డెంటల్ ఇన్‌స్టిట్యూట్‌ది. 2021లో మణిపాల్, 2022లో చెన్నైలోని సవీత. మూడేళ్ళలో మూడు పేర్లు. ఈ మూడూ మంచి కాలేజీలే. కానీ మొదటి స్థానం ఏటా మారితే కాలేజీలో కుర్చీ దగ్గర పని ఏటా మారిందని అనుకోనక్కర్లేదు. ఆ లెక్కలో బోధన వసతులతో పాటు పరిశోధన పేపర్లు, వాటికి వచ్చే సైటేషన్లు, జనంలో ఉన్న అభిప్రాయం కూడా కలుస్తాయి. పరిశోధన వైపు పోదలచినవాళ్ళకు అది ముఖ్యమే. జమ్మికుంటలో క్లినిక్ పెట్టాలనుకునే పిల్లకు దానితో వచ్చేదీ పోయేదీ ఏమీ లేదు.

డాలస్‌లోని మేనమామ ఎందుకట్లా చెప్తాడు

మన కరీంనగర్, వరంగల్ ఇళ్ళల్లో అమెరికాలో ఎవరో ఒకరు ఉంటారు. "స్కూల్ పేరు చాలా ఇంపార్టెంట్, డబ్బు గురించి చూడొద్దు" అని ఫోన్‌లో చెప్పేది వాళ్ళే. ఆయన అక్కడ చూసింది అబద్ధం కాదు, కాకపోతే అది అక్కడి లెక్క.

అమెరికాలో డిగ్రీ అయ్యాక నాలుగేళ్ళ డెంటల్ స్కూలు. గుర్తింపు ఉన్న ఏ స్కూల్లో చదివి లైసెన్స్ పరీక్షలు పాసైనా డెంటిస్టుగా పనిచేయొచ్చు. న్యూయార్క్ లాంటి చోట్ల మాత్రం లైసెన్స్‌కు కనీసం ఏడాది రెసిడెన్సీ (డిగ్రీ తర్వాత చేసే శిక్షణ) కావాలి. జనరల్ డెంటిస్టుగా బతకడానికి అక్కడా స్కూల్ పేరు పెద్దగా పనికిరాదు, నెత్తిమీద అప్పు ఎంతన్నదే చూసుకోవాలి. పేరు పనికొచ్చేది ఆర్థో, ఓరల్ సర్జరీ లాంటి పోటీ ఎక్కువున్న స్పెషాలిటీ రెసిడెన్సీలకు. కారణం ఉంది. అక్కడి బోర్డు పరీక్షలకు ఒకప్పుడు స్కోరు వచ్చేది, 2012 నుంచి పాస్, ఫెయిల్ మాత్రమే. ఇప్పటి ఐఎన్‌బీడీఈ కూడా అంతే. దేశమంతటికీ ఒకే కొలమానంగా ఉన్న ఆ నంబరు పోయేసరికి, రెసిడెన్సీకి ఎంచుకునేవాళ్ళు క్లాసులో ఎన్నో స్థానం, ప్రొఫెసర్ల ఉత్తరాలు, వాళ్ళ దగ్గరికి వచ్చి కొన్నాళ్ళు పనిచేశాడా, ఏ స్కూల్ అన్నవి చూస్తున్నారు. ఆ లోటు పూడ్చడానికే 2016లో ఏడాట్ అనే పరీక్ష వచ్చింది, కొన్ని ప్రోగ్రాములు దాన్ని అడుగుతాయి. ఓరల్ సర్జరీకి సీబీఎస్ఈ అనే మెడికల్ సైన్స్ పరీక్ష స్కోరు ఉంటుంది. (మన పదో తరగతి సీబీఎస్ఈకి దీనికి సంబంధం లేదు.) అక్కడ కూడా స్టేట్ స్కూల్లో క్లాస్ టాపర్‌గా ఉన్నవాడికి దారులు బాగానే తెరుచుకుంటాయి. పెద్ద స్కూల్లో చివరి వరసలో ఉంటే పేరు ఒక్కటే మోసుకుపోదు.

మన దగ్గర నీట్ ఎండీఎస్ రూపంలో ఆ నంబరు ఇంకా ఉంది. మేనమామ సలహా ఇక్కడ అతకనిది అందుకే.

ఇక్కడ బీడీఎస్ చేసి అమెరికా పోవాలనుకునేవాళ్ళు అడ్వాన్స్‌డ్ స్టాండింగ్ ప్రోగ్రాములకు (బయటి దేశపు డెంటిస్టులకు అక్కడి డిగ్రీ ఇచ్చే కోర్సులు) అప్లై చేస్తారు, రెండు నుంచి మూడేళ్ళు. ఐఎన్‌బీడీఈ పాస్, టోఫెల్, మార్కుల మెమోల మూల్యాంకనం, ఉత్తరాలు, ఇంటర్వ్యూ, చాలా స్కూళ్ళలో బెంచ్ టెస్ట్. బెంచ్ టెస్ట్ అంటే వాళ్ళ ముందు ప్లాస్టిక్ పన్నుకు క్యాపు కోసమో ఫిల్లింగ్ కోసమో చెక్కి చూపించడం. ఇక్కడా మళ్ళీ చేయే. అక్కడి ప్రొఫెసర్‌కు మన ప్రైవేటు కాలేజీల్లో ఏది పెద్దదో ఏది చిన్నదో తెలియదు. మార్కులు, సప్లీలు మాత్రం మెమోలో కనపడతాయి.

గల్ఫ్ సంగతి జగిత్యాల, నిజామాబాద్ వాళ్ళకు నేను కొత్తగా చెప్పేదేముంది. దుబాయ్‌లోనైనా సౌదీలోనైనా లైసెన్స్ పరీక్ష, పని అనుభవం, సర్టిఫికెట్ల డేటాఫ్లో వెరిఫికేషన్ (సర్టిఫికెట్లు నిజమైనవేనా అని ఇచ్చినచోటే అడిగి తేల్చుకోవడం) చూస్తారు. ఈ వెరిఫికేషన్ దగ్గర కాలేజీ తేడా ఒకటి బయటపడుతుంది, అది పేరుకు సంబంధించింది కాదు. ఆఫీసులో క్లర్కు మెయిల్‌కు జవాబిస్తాడా, ఇంటర్న్‌షిప్ సర్టిఫికెట్, ట్రాన్‌స్క్రిప్టు అడిగితే వారంలో ఇస్తారా, ఆరు నెలలు తిప్పుతారా? పాస్ అవుట్ అయిన సీనియర్లను తప్పకుండా అడగాల్సిన ప్రశ్న ఇది. బ్రిటన్‌కు ఓఆర్ఈ, ఆస్ట్రేలియాకు ఏడీసీ పరీక్షలు. రెండింట్లోనూ రాత పరీక్ష తర్వాత చేతిపని పరీక్ష ఉంటుంది.

పరకాలలో బోర్డు పెడితే

నర్సంపేటలోనో పరకాలలోనో హుజూరాబాద్‌లోనో క్లినిక్ పెట్టినప్పుడు గుమ్మంలోకి వచ్చే మనిషి అడిగేవి రెండే. "పన్ను పీకకుండ ఏమన్న అయితదా సారు?" "ఎంతైతది?" నొప్పి తగ్గితే ఆ ఊరి నుంచి ఇంకో నలుగురు వస్తారు. తగ్గకపోతే ఆ ఊరి ఆర్ఎంపీ మీ దగ్గరికి పంపడం మానేస్తాడు. బోర్డు మీద బీడీఎస్ పక్కన ఎండీఎస్ ఉందా అని చదువుకున్న కుటుంబాలు ఇప్పుడు చూస్తున్నాయి, ముఖ్యంగా పిల్లలకు క్లిప్పులు పెట్టించేటప్పుడు. కాలేజీ పేరు అడిగేవాళ్ళు లేకపోలేదు, మీ సంబంధం చూడటానికి వచ్చినవాళ్ళు.

హైదరాబాద్ చెయిన్ క్లినిక్‌లు ఉద్యోగానికి పిలిస్తే పేషెంటుతో ఎట్లా మాట్లాడుతున్నారు, రూట్ కెనాల్ ఎంత శుభ్రంగా చేస్తున్నారు అని చూస్తాయి. ప్రభుత్వ డెంటల్ అసిస్టెంట్ సర్జన్ పోస్టులు అప్పుడప్పుడే పడతాయి. అందులో తూగేవి మార్కులు, సర్కారు ఆస్పత్రుల్లో కాంట్రాక్టు మీద చేసిన సేవ. పేరు నిజంగా పనికొచ్చే చోటు ఒకటుంది, కాలేజీల్లో బోధన, పరిశోధన. అక్కడ ఎవరి దగ్గర శిష్యరికం చేశారన్నది అడుగుతారు. అప్పుడు కూడా వాళ్ళు చూసేది ఎండీఎస్ ఎక్కడ చేశారన్నదే. చివరి డిగ్రీ వచ్చాక మొదటి డిగ్రీ కాలేజీని ఎవరూ గుర్తుపెట్టుకోరు.

ఎవరు ఏది తీసుకోవాలి

ప్రభుత్వ సీటు వస్తే కళ్ళు మూసుకుని తీసుకోండి. అది రాకపోతే, పేషెంట్లు బాగా వచ్చే ప్రైవేటు కాలేజీలో కన్వీనర్ సీటు నా రెండో ఓటు, అది ఖమ్మమైనా నిజామాబాదైనా హైదరాబాద్ చుట్టుపక్కలైనా. రెండు కన్వీనర్ సీట్ల మధ్య ఎంచుకోవాల్సి వస్తే పేరు పక్కన పెట్టి ఓపీ చూడండి. ఓపీ సమానంగా ఉంటే ఇంటికి దగ్గరున్నది. మార్కులు తగ్గి మనసు పాడైన వారం చివర ఇల్లు మూడు గంటల దూరంలో ఉండటం చిన్న విషయమేమీ కాదు.

పెద్ద పేరున్న డీమ్డ్ యూనివర్సిటీలో డబ్బు కట్టి చేరడం ఎవరికి సరిపోతుంది? అప్పు లేకుండా ఐదేళ్ళు కట్టగలిగి, ఆ తర్వాత ఎండీఎస్‌కూ మిగిలే కుటుంబానికి. లేదా పరిశోధన మీద నిజంగా ఆసక్తి ఉండి, చదివేటప్పుడే పేపర్లు రాయాలనుకునే అరుదైన పిల్లకు. పొలం అమ్మి కట్టే స్థితి ఉంటే నేను వద్దనే చెప్తాను. వాళ్ళు మళ్ళీ అడిగినా వద్దనే చెప్తాను.

పేషెంట్లు లేని కాలేజీలో కన్వీనర్ సీటు, బాగున్న కాలేజీలో మేనేజ్‌మెంట్ సీటు, ఈ రెండే చేతిలో ఉంటే చిక్కే. చౌకగా దొరికిందని ఖాళీ కుర్చీల మధ్య ఐదేళ్ళు గడపమని అనలేను. ఇంటర్న్‌షిప్ తర్వాత మంచి సీనియర్ దగ్గర రెండేళ్ళు తక్కువ జీతానికి పనిచేసి చేయి నేర్చుకునే ఓపిక పిల్లకు ఉంటే కన్వీనర్ సీటు తీసుకోవచ్చు. హనుమకొండలో అట్లా నేర్చుకుని బాగుపడినవాళ్ళున్నారు. ఆ ఓపిక లేదనిపిస్తే, ఎంబీబీఎస్ మీద మనసు చావకపోతే ఇంకో ఏడాది లాంగ్‌టర్మ్ గురించి ఇంట్లో ఒకసారి కూర్చుని మాట్లాడుకోండి. మనసు లేకుండా డెంటల్‌లో చేరిన పిల్లలు సెకండ్ ఇయర్ దాకా నీట్ పుస్తకాలే తిరగేస్తుంటారు, ఇటు సప్లీలు పడతాయి.

ఆప్షన్లు పెట్టేటప్పుడు వస్తుందనుకున్నవి కాకుండా కావాలనుకున్నవి ముందు పెట్టండి. మీ కన్నా మెరుగైన ర్యాంకువాళ్ళు వదిలిన సీటు రెండో విడతలో మీకు రావచ్చు. చివరి విడతలో వచ్చిన సీటు వదిలేస్తే జరిమానా, తర్వాతి కౌన్సెలింగ్‌కు అనర్హత లాంటి షరతులు నోటిఫికేషన్‌లో ఉంటాయి. ఇష్టం లేని కాలేజీ పేరు "ఉండనీ" అని కిందెక్కడో చేర్చకముందే ఆ పేరా చదవండి.